దీమం

పోయినేడు చైత్రంలో నేనొక ఫోటో తీశాను. చూసినవారందరూ మెచ్చుకున్నారు. ఆ ఫోటో తీసినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. ఎందుకో చెప్పడానికే ఈ టపా.

సికింద్రాబాదులో బొల్లారం దాటి కౌకూరు వైపు వెళితే, సైనిక స్థలాల అంచున ఇంకా కొంత తుప్పల నేల మిగిలి ఉంది. తెల్లవారుతుండగా అక్కడ కౌజుపిట్ట కూస్తోంది. హైదరాబాదీలు దీన్నే తీతర్ అంటారు, దాని కూతను బట్టే ఆ పేరు. అరగంట కూర్చున్నాను. కూత వినబడుతుందే కాని పిట్ట కనబడదు. కౌజు మహా అప్రమత్తమైన పక్షి. అలికిడి అయితే ఎగరడం కన్నా తుప్పల్లోకి పరుగెత్తడమే దానికి అలవాటు. విసుగుపుట్టి సెల్‌ఫోనులో ఉన్న కౌజు కూతను వినిపించాను. రెండు నిమిషాలు తిరక్కుండానే మగపిట్ట మెడ నిక్కించి బాట మధ్యకు వచ్చి నిలబడింది. ఫోటో బాగా వచ్చింది. అయినా తృప్తి కలగక మళ్ళీ మళ్ళీ వినిపించాను. అది కనబడని శత్రువు కోసం ఫోను చుట్టూ తిరుగుతూనే ఉంది.

ఇంటికి వచ్చి మా పెదనాన్నగారికి ఆ ఫోటో చూపించాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, “బాగుంది గానీ, దీమం ఎవరిదిరా?” అని అడిగారు.

పాత కావ్యాలలోని వేట ఘట్టాలు చదివినవారికి ‘దీమం’ కొత్త మాట కాదు. అడవి జంతువునో పక్షినో రప్పించడానికి వేటగాడు పెంచుకునే అదే జాతి జీవి అది. కౌజుల వేటంతా దీని మీదే నడిచేది. మచ్చికైన మగకౌజును పంజరంలో పెట్టి తుప్పల మధ్య ఉంచుతారు, చుట్టూ ఉచ్చులు పన్నుతారు. అది కూయగానే, తన నేలలోకి పరాయివాడు వచ్చాడనుకుని అడవికౌజు పోరుకు వస్తుంది. వచ్చి ఉచ్చులో పడుతుంది. దక్కన్‌లో ఈ విద్యకు ఫాసే పారధీలు పేరుపడ్డారు. ‘ఫాసే’ అంటేనే ఉచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఉచ్చు పన్నడం, ఎర వేయడం, చివరికి ఆ ప్రయత్నం చేయడం కూడా వేట కిందికే వస్తాయి. ఉచ్చు పన్నినవాడు జైలుకు పోతాడు. అదే కూతతో అదే పిట్టను రప్పించిన నాకు మాత్రం మెచ్చుకోళ్ళు దక్కాయి.

“మనం చంపడం లేదు కదా” అని మిత్రులు అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. అయితే చంపడానికే వెళ్ళేవారి పద్ధతి ఒకటి చూడండి. అమెరికాలో వసంతకాలంలో అడవి టర్కీ కోళ్ళను వేటాడతారు. ఆ రుతువులో ప్రధానంగా పుంజులను మాత్రమే కొట్టడానికి అనుమతి ఉంటుంది. వేటగాడు చెట్టు మొదట్లో కదలకుండా కూర్చుని, చెక్కపెట్టెతోనో నోట్లో పెట్టుకున్న పలుచని పొరతోనో పెట్టలా కూస్తాడు. మామూలుగా పుంజు పిలిస్తే పెట్ట వెళ్ళాలి. ఇక్కడ ఆ వరుసను తలకిందులు చేయాలి. అందుకే తెలివైన పుంజు తుపాకి అందని దూరంలో ఆగిపోయి, పెట్ట కంటబడితే గాని కదలనంటుంది. అప్పుడు ఇంకా గట్టిగా పిలిస్తే చెడుతుందనీ, నోరు మూసుకుని ఓపిక పట్టాలనీ అనుభవజ్ఞులు చెబుతారు. అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసిన సంగతి వేరే ఉంది. అక్కడ చాలా రాష్ట్రాలలో టర్కీ వేటకు రికార్డు చేసిన కూతలు, ఎలక్ట్రానిక్ పరికరాలు నిషిద్ధం. తుపాకి పట్టినవాడికి ఉన్న ఆ కట్టడి కెమెరా పట్టిన నాకు లేకపోయింది.

మగకౌజు జతకట్టే రుతువులో తన నేలను కాచుకుంటుంది. లేని శత్రువు కోసం అది తిరిగిన ప్రతి నిమిషమూ మేతకూ జంటకూ దూరమైన నిమిషమే. పైగా ఎంత వెతికినా దొరకని, ఎంత అరిచినా పారిపోని ప్రత్యర్థి దానికి ఎదురయ్యాడు. నా తరువాత మరొకరు, ఆ మరుసటి ఆదివారం ఇంకొకరు వస్తారు. ఊరి చుట్టూ తుప్పల నేల తరిగేకొద్దీ మనమంతా ఆ నాలుగు పిట్టల మీదే పడుతున్నాం.

కూత వినిపించడం ఎప్పుడూ తప్పేనని నేననను. కడప జిల్లాలో 1986లో మళ్ళీ కనబడిన కలివికోడి రాత్రిపూట తిరిగే పక్షి. దాని ఉనికి కనిపెట్టడానికి శాస్త్రజ్ఞులు రికార్డు చేసిన కూతనే వాడారు. ఆ పక్షి ఎక్కడుందో తెలిస్తే దాని నేలను కాపాడవచ్చు. నేను వినిపించిన కూతతో ఆ కౌజుకు ఒరిగిందేమిటి?

ఫోనులోని కూతలన్నీ తీసేశాను. మొన్న మళ్ళీ కౌకూరు వైపు వెళ్ళి రెండు గంటలు కూర్చున్నాను. కౌజు కూసింది, కనబడలేదు. ఫోటో లేకుండానే ఇంటికి వచ్చాను. పెదనాన్నగారు ఏమీ అడగలేదు, టీ మాత్రం పోయించారు.

కెమెరా పట్టే మిత్రులు దీనికేమంటారో చెప్పండి. కాదంటే వాదించండి, వింటాను.