అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి చేతిలో ఉండాలి?

ఆఫీసు కంప్యూటర్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ వేయబోతే అడ్మిన్ పాస్‌వర్డ్ అడగడం చాలామంది ఉద్యోగులకు అనుభవమే. నగరంలో అయితే ఐటీ విభాగానికి ఫోన్ చేస్తే ఎవరో ఒకరు వస్తారు. దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీ లాంటి ఊళ్లో చిన్న ఆఫీసుకు ఆ సదుపాయం ఉండదు. ఇప్పుడు శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్ నుంచో, మెయిన్‌ల్యాండ్ నుంచో మనిషి రావాలి. అప్పటిదాకా పని ఆగాల్సిందేనా?

నిబంధన వెనుక కారణం బలమైనదే. అడ్మిన్ హక్కులతో పనిచేస్తున్న కంప్యూటర్‌లోకి వైరస్ వస్తే దానికీ అవే హక్కులు దక్కే ప్రమాదం ఉంది. అందుకే 2022 జూన్‌లో కేంద్రం తన ఉద్యోగులకు ఇచ్చిన సైబర్ భద్రతా మార్గదర్శకాలు రోజువారీ పనికి సాధారణ యూజర్ ఖాతానే వాడాలన్నాయి. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ వంటి దూరం నుంచి కంప్యూటర్ నడిపే సాధనాలనూ వద్దన్నాయి.

అయితే తాళం వేయడంతోనే భద్రత రాదు. 2017 మేలో వాన్నాక్రై దాడిలో ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని పోలీసు కంప్యూటర్లూ చిక్కుకున్నాయి. విండోస్‌లోని ఒక లోపం ఆధారంగా అది ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి తనంతట తానే పాకింది. మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. వేసుకోనివారే ఎక్కువగా నష్టపోయారు. ఉద్యోగికి ఇన్‌స్టాల్ చేసే హక్కు తీసేసినప్పుడు, సమయానికి అప్‌డేట్ చేసే బాధ్యత ఆ హక్కు దగ్గర పెట్టుకున్నవారిదే అవుతుంది.

ఆ బాధ్యత నెరవేరకపోతే జనం దొడ్డిదారి వెతుకుతారు. పాస్‌వర్డ్ చీటీ మీద రాసి మానిటర్‌కు అంటిస్తారు. పెన్‌డ్రైవ్‌లో పైరేటెడ్ కాపీ తెస్తారు. కొన్ని ప్రోగ్రాములు అడ్మిన్ అనుమతి లేకుండానే యూజర్ ఫోల్డర్‌లో కూర్చుంటాయి. వాటిని విడిగా నిరోధించకపోతే నిబంధన కాగితానికే పరిమితం.

తెలుగు టైపింగే ఉదాహరణ. అండమాన్‌లో తెలుగు మాట్లాడేవారు గణనీయంగా ఉన్నారు. తెలుగు టైప్ చేయాలంటే ఏదో సాఫ్ట్‌వేర్ వేయాల్సిందేనని చాలామంది అనుకుంటారు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు విండోస్‌లోనే ఉంది. 2019 నుంచి విండోస్ 10లో ఫొనెటిక్ కీబోర్డూ వచ్చింది. కంప్యూటర్ ఇచ్చేటప్పుడే దాన్ని ఆన్ చేసి ఇస్తే సగం గొడవ తీరుతుంది.

మిగతా సగానికీ దారి ఉంది. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ అందుబాటులోకి వచ్చాక, ప్రతి చిన్న పనికీ మనిషి పడవో విమానమో ఎక్కక్కర్లేదు. అనుమతించిన సాఫ్ట్‌వేర్ల జాబితా, సంస్థ ఆమోదించిన రిమోట్ సాధనం, అభ్యర్థనకు జవాబిచ్చే గడువు: ఈ మూడూ ఉంటే చాలు. పాస్‌వర్డ్ అందరికీ పంచమని కాదు. దాన్ని దగ్గర పెట్టుకున్నవారు పిలిస్తే పలకాలనే.