సినిమాకి శుక్రవారం చాలు, క్లబ్బుకి చాలదు

మిషెల్ సెదూ అనే పేరు మనలో చాలామంది విని ఉండరు. ఫ్రెంచ్ సినిమా నిర్మాత. 2002లో లీల్ ఫుట్‌బాల్ క్లబ్ ఛైర్మన్ అయ్యాడు. లీగ్ టైటిల్ వచ్చింది 2011లో. అంటే తొమ్మిదేళ్లు ఆగాడు. ఆ జట్టులో మెరిసిన హజార్డ్ క్లబ్ సొంత అకాడమీ కుర్రాడే. సెదూ 2017 దాకా అక్కడే ఉన్నాడు.

మన సినిమావాళ్లకి ఫుట్‌బాల్ పట్టదని అనలేం. 2014లో కేరళ బ్లాస్టర్స్ పుట్టినప్పుడు సచిన్ పక్కన ఉన్నది పీవీపీ సినిమా అధినేత పొట్లూరి వరప్రసాద్. 2016లో చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్ అందులోకి వచ్చారు. మన డబ్బు కొచ్చి వెళ్లింది. తప్పనను, జనం నిండే ఊళ్లోనే కదా ఎవరైనా బొమ్మ వేసేది!

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది, ఆ డిసెంబర్‌లోనే రానా సహయజమానిగా చేరాడు. 2022 మార్చి 20న గోవాలో, అదే బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో ఐఎస్ఎల్ కప్పు కొట్టాం. కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు! కానీ కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. మన ఛాంపియన్లు ఆ ఏడాది గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. నా బాధంతా అక్కడే. తర్వాత జీతాల గొడవ, ఆటగాళ్లు వెళ్లిపోయారు, 2023-24లో ఇరవై రెండు మ్యాచుల్లో గెలిచింది ఒక్కటే. 2025లో క్లబ్బు ఢిల్లీ వెళ్లిపోయి పేరు కూడా మార్చుకుంది. 1950 నుంచి 54 దాకా సిటీ పోలీస్ జట్టు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన ఊరు ఇది, రహీం సాబ్ ఊరు.

సినిమా పోతే నిర్మాత ఇంకో కథ వింటాడు. క్లబ్బు ఓడిన నెల కూడా జీతాలివ్వాలి, పిల్లల జట్టుకి బూట్లు కొనాలి. ఆ ఓపిక లేకపోతే ఎంత పెద్ద స్టార్ వచ్చి జెర్సీ పట్టుకుని ఫొటో దిగినా అది ఆడియో ఫంక్షనే.

మేడ్చల్ నుంచి కొంపల్లి దాకా గంటల లెక్కన అద్దెకిచ్చే టర్ఫులు చూస్తూనే ఉన్నాం, రాత్రి పదకొండుకీ ఖాళీ ఉండవు. ఆడేవాళ్లు లేరని ఎవరూ చెప్పొద్దు. ఈసారి ఎవరైనా నిర్మాత క్లబ్బు పెడితే గచ్చిబౌలి లైట్లతో కాదు, శామీర్‌పేట సర్కారు బడి గ్రౌండులో పదమూడేళ్ల పిల్లలతో మొదలుపెట్టాలి. మొదటి మూడేళ్లూ ఓడిపోయినా పర్లేదు, చూడ్డానికి మా హాస్టల్ మొత్తం వస్తుంది. నడిచొచ్చే దూరమే.