కాలవగట్టున పది మైళ్ళు

ఈసారి కబుర్లు కాస్త దూరం నుంచి. బ్రిస్టల్లో ఉంటున్న మా అమ్మాయి, "నాన్నా, పది మైళ్ళు నడవగలవా?" అంది. బాత్ నుంచి బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్ దాకా, కెనెట్ అండ్ ఏవన్ కాలవ గట్టున. బాత్‌లో సిడ్నీ గార్డెన్స్ దాటాక బ్రాడ్‌ఫర్డ్ వరకు ఒక్క లాకూ లేదు. ఎగుడుదిగుళ్ళు లేని దారి గనుక నా మోకాళ్ళు కూడా ఒప్పుకున్నాయి.

సిడ్నీ గార్డెన్స్ దగ్గర కాలవ ఒక మేడ కిందుగా పోతుంది. ఒకప్పుడది కాలవ కంపెనీ ఆఫీసు. నేలలో కన్నం పెట్టి, కింద వెళ్ళే పడవలకు కాగితాలు అందించేవారట! మనం నడిచే బాట అప్పట్లో పడవలు లాగే గుర్రాలది. ఇప్పుడు పడవల్లోనే కాపురాలు. పైకప్పు మీద కట్టెలు, పూలకుండీలు, సైకిలు.

క్లావర్టన్ దగ్గర ఆగి తీరాలి. కాలవ పైన, ఏవన్ నది కింద. నది ప్రవాహమే చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రమే పంపును ఆడించి నది నీళ్ళను 48 అడుగులు పైకెత్తి కాలవలో పోస్తుంది. బొగ్గు లేదు, నూనె లేదు. 1813 నాటి ఏర్పాటిది.

అక్కణ్ణించి డండాస్ అక్విడక్టు. కాలవే నదిని దాటుతుంది. పి.గన్నవరంలో వైనతేయ మీద అక్విడక్టు చూసిన మన యానాం వాళ్ళకు ఇది వింత కాదు. జాన్ రెన్నీ కట్టిన ఈ రాతి వంతెన 1805లో పూర్తయింది. ఏవన్‌క్లిఫ్ దగ్గర ఇలాంటిదే ఇంకొకటుంది గాని, దాని నడుము కుంగింది.

కాలవ మొత్తం 1810లో తెరిచారు. 1841కల్లా పక్కనే రైలొచ్చింది. 1852లో రైలు కంపెనీయే కాలవను కొనేసింది. పిల్లికి పాలకుండ అప్పగించినట్టే! ఇరవయ్యో శతాబ్దం నడుమకల్లా లాకులు పాడై, నీళ్ళింకి, దాదాపు పూడిపోయింది. సరుకు రవాణా లేని కాలవ ఎవరికి కావాలి? ఊళ్ళవాళ్ళకు కావలసి వచ్చింది. ఏళ్ళ తరబడి సెలవు రోజుల్లో వచ్చి బురద తోడారు, చందాలు పోగేశారు, ఆగిపోయిన క్లావర్టన్ చక్రాన్ని మళ్ళీ తిప్పారు. 1990 ఆగస్టులో ఎలిజబెత్ రాణి వచ్చి కాలవను తిరిగి తెరిచింది.

నేను మైలాపూరు వాణ్ణి. బకింగ్‌హామ్ కాలవలో దిగిన రైలు స్తంభాలను రోజూ చూసేవాణ్ణి. అందుకే అక్కడ బురద తోడినవాళ్ళ ఫోటోల ముందు కొంచెం ఎక్కువసేపే నిలబడ్డాను.

బ్రాడ్‌ఫర్డ్‌లో పద్నాలుగో శతాబ్దపు రాతి ధాన్యపు కొట్టు చూసి, టీ తాగాం. రోజంతా నడిచిన దూరాన్ని రైలు పావుగంటలో వెనక్కి చుట్టేసింది. కిటికీ పక్కన సీటు నాకే ఇచ్చింది అమ్మాయి.