అడగడానికి మొహమాటమెందుకు?

పావుకిలో చింతపండు కొనాలన్నా గింజ ఉందా, పాతదా అని నాలుగుసార్లు తిరగేసి చూసే వాళ్లం మనం. అలాంటిది సబ్బులో, తలనూనెలో ఇంట్లో చేసి అమ్ముదామనుకున్నప్పుడు మాత్రం, వేలు పోసి కొనే సుగంధ తైలాన్ని మూత తీసి వాసన చూసి ‘బాగుందండీ, ఇచ్చేయండి’ అనేస్తాం. ఇది నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

నేనూ ఇంట్లో సబ్బులు చేసి అమ్ముతాను. నా అనుభవంలో ముక్కుని మోసం చేసినంత తేలిక ఇంకోటి లేదు. లావెండర్ తైలానికి ఆ వాసననిచ్చే లినలూల్, లినలైల్ ఎసిటేట్‌లను ఫ్యాక్టరీల్లోనూ తయారుచేస్తారు. నాసిరకం తైలంలో వాటిని కలిపితే వాసన ఇంకా ఘుమఘుమలాడుతుంది!

బ్లాటింగ్ పేపరు మీద చుక్క వేసి చూడమంటారు కొందరు. మంచిదే. మర్నాటికీ జిడ్డు మరక మిగిలితే వంటనూనెలాంటిదేదో కలిసిందని అనుమానించాలి. కానీ గంధం, వట్టివేరు తైలాలు చిక్కటివి. అసలైనవైనా అంత త్వరగా ఆరవు. పైగా కలిసింది ఫ్యాక్టరీ రసాయనమైతే మరక పడకుండానే ఆవిరైపోతుంది. కాబట్టి మరక లేదని మురిసిపోవద్దు.

ధరా కొంత చెబుతుంది. కిలో గులాబీ తైలానికి మూడు, నాలుగు వేల కిలోల పూలు కావాలి. నిమ్మగడ్డి తైలం ధరకే గులాబీ తైలం ఇస్తామంటే అందులో గులాబీ ఎంతుంటుంది చెప్పండి?

మరేం చేయాలి? నోరు తెరిచి అడగాలి. మొక్క శాస్త్రీయ నామమేమిటి? ఆకు నుంచి తీశారా, వేరు నుంచా? ఎప్పటి సరుకు? అన్నిటికన్నా ముఖ్యం, ఆ బ్యాచ్‌కి జీసీ-ఎంఎస్ పరీక్ష రిపోర్టు ఉందా? తైలంలో ఏది ఎంత శాతం ఉందో అందులో ఉంటుంది. నిమ్మగడ్డి తైలంలో సిట్రాల్ సాధారణంగా 70 శాతానికి పైనే ఉంటుంది. రిపోర్టు మీది బ్యాచ్ నంబరు, సీసా మీది నంబరు ఒకటేనా అన్నదీ చూసుకోవాలి. పెద్ద మొత్తంలో కొంటున్నప్పుడు కన్నౌజ్‌లోని ఎఫ్‌ఎఫ్‌డీసీ లాంటి చోట మనమే పరీక్ష చేయించుకోవచ్చు. ‘థెరప్యూటిక్ గ్రేడ్’ అన్న మాట చూసి మాత్రం మోసపోకండి. అది అమ్మేవాళ్లు పెట్టుకున్న పేరే తప్ప ప్రభుత్వం వేసే ముద్ర కాదు.

ఇవన్నీ అడిగితే ‘నమ్మకం లేదా అమ్మా?’ అంటారు. అక్కడే మనం తగ్గిపోతాం. ఎందుకు తగ్గాలి? రేపు ఆ సబ్బు వాడి ఓ పసిపాపకి ఒంటిమీద దద్దుర్లొస్తే, ఆ తల్లి వచ్చేది నా గుమ్మంలోకే గానీ తైలం అమ్మినాయన దగ్గరికి కాదు. పోయేది నా పేరు. సంఘంలో అప్పు తెచ్చుకున్న చెల్లెలికైతే వాయిదాల డబ్బూ పోతుంది.

‘కొనేది అరలీటరు, మాకెవరు రిపోర్టులిస్తారు?’ అంటారేమో. నలుగురు కలిసి ఒకేసారి కొనండి, ఒకేమాటగా అడగండి. ముందు చిన్న సీసా తెచ్చి, వాడి చూశాకే, అదే బ్యాచ్‌లో మిగతాది తీసుకోండి. రిపోర్టు చూపించలేనంటే ఇంకో కొట్టు చూసుకోండి. సరుకు మంచిదైతే చూపించడానికి వాళ్లకి బెరుకుండదు. డబ్బిచ్చే మనకి మాత్రం అడగడానికి బెరుకెందుకు?