అడుగుగీత కనబడని ధకారము

ఢిల్లీ నగరమున ఓల్డ్ రాజిందర్ నగర్ అను పేట కలదు. దేశవిభజనానంతరము పడమటి పంజాబునుండి కట్టుబట్టలతో తరలివచ్చిన కుటుంబములకు నెలవై, ప్రథమ రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారి పేరు వహించిన ఈ పేట, నేడు సివిల్ సర్వీసుల పరీక్షలకు చదువుకొను పిల్లలతో నిండి, వారిలో తెలుగువారును దండిగా నుండుటచే, సాయంకాలము బడా బజార్ మార్గమున నడచువానికి పది అడుగులకొకసారి మన మాట చెవిని బడుచుండును. ఆ వీథులలో ఫొటోస్టాట్ దుకాణములు వరుసగా కలవు. నోట్సుల కట్టలు, స్పైరల్ బైండింగులు ఏడాది పొడవునను అచ్చట అమ్ముడుపోవుచునే యుండును గాని, దరఖాస్తుల కాలము వచ్చినంతనే మరియొక వ్యాపారము వానితో సమానముగా సాగును. విద్యార్థి తన సెల్‌ఫోను అందించును, దుకాణదారు తెరనుండి కన్నెత్తకయే "కిత్నా కేబీ?" (ఎన్ని కేబీలు?) అని యడుగును. దరఖాస్తుకు పెట్టవలసిన ఫొటోను కోరినన్ని కిలోబైట్లకు కుదించు ఈ పనికి మన పిల్లలు "కేబీ తగ్గించడం" అని పేరు పెట్టుకొన్నారు. గదిలో కంప్యూటరు ఉన్న పెద్దవానిని "అన్నా, నా ఫొటో కూడా కేబీ తగ్గించి పెట్టవా?" అని వేడుకొనుట ఇచ్చటి ప్రతి మేడమీదను వినబడు మాట.

ఈ కేబీల లెక్క ఎచ్చటినుండి వచ్చినదో చెప్పవలెను. కేంద్ర పబ్లిక్ సర్వీస్ కమిషను గడచిన సంవత్సరముల ప్రకటనలలో, ఫొటోయు సంతకమును జేపీజీ రూపమున, ఒక్కొక్కటి 20 కిలోబైట్లకు తగ్గక 300 కిలోబైట్లకు మించక, పొడవు వెడల్పులు 350 పిక్సెళ్ళకు తక్కువగాక 1000 పిక్సెళ్ళకు ఎక్కువగాక ఉండవలెనని విధించినది. బ్యాంకు ఉద్యోగముల పరీక్షలు నడపు ఐబీపీఎస్ ఫొటోను 20 నుండి 50, సంతకమును 10 నుండి 20, ఎడమచేతి బొటనవ్రేలి ముద్రను 20 నుండి 50, స్వహస్తముతో వ్రాసిన ప్రకటనను 50 నుండి 100 కిలోబైట్ల నడుమ కోరును. అదే ముఖము, అదే సంతకము; ద్వారము మారినప్పుడెల్ల కొలత మారుచున్నది. 2025 మే 28వ తేదీన కమిషను తన క్రొత్త దరఖాస్తు వేదికను తెరచి, అన్ని పరీక్షలకును పనికివచ్చు వివరములను ఒక్కసారియే నింపి ఉంచుకొను వీలు కల్పించినది. అది మేలైన పని, మెచ్చవలసినదే. కాని కొలతల బాధ దానితో తీరలేదు.

ఈ విషయమును గూర్చి వ్రాయవలెనను సంకల్పము నాకు దుకాణము ముందు కలుగలేదు. ఒక రాత్రి జవాబులు దిద్దుచుండగా కలిగినది. మెయిన్సు పరీక్షకు తెలుగు సాహిత్యమును ఐచ్ఛికముగా గ్రహించిన పిల్లలు కొందరు, గదిలో గడియారము పెట్టుకొని వ్రాసిన జవాబులను నాకు పంపుచుందురు. నేను వానిని ప్రింటు తీసి దిద్ది యిచ్చుచుందును. ఆ రాత్రి వారిలో ఒక బాలునినుండి వచ్చినవి 40 పుటలు. ఒక్కొక్క పుటకు సెల్‌ఫోనుతో తీసిన ఫొటో మూడేసి మెగాబైట్ల చొప్పున మొత్తము 120 మెగాబైట్లు కాగా, అంత బరువును ఈమెయిలు మోయదు కనుక, ఆ బాలుడు ఏదో వెబ్‌సైటునందు వాని నన్నిటిని ఎక్కించి, అన్నిటికంటె చిన్న పరిమాణమును ఎన్నుకొని, పుట యొక్కటికి 40 కిలోబైట్లకు దింపి పంపెను. ప్రింటు తీసి చూడగా, వ్రాత ఉన్నది గాని, అక్షరముల చుట్టు బూడిద చల్లినట్లు మరకలు కమ్మియున్నవి. మన లిపియందు పకారమునకు ఫకారమునకు, దకారమునకు ధకారమునకు, బకారమునకు భకారమునకు భేదము ముఖ్యముగా అడుగున నుండు ఒక చిన్న గీతయే. ఆ గీత ఆ బూడిదలో కలిసిపోయినది. భావము "బావము" అయినది; ఫలము "పలము" అయినది; 17వ పుటయందు "విధి" అని యుండవలసిన చోట స్పష్టముగా "విది" అని కనబడినది. గుడికిని గుడిదీర్ఘమునకును తేడా తెలియకపోయినది. ఇట్టివి మూడు చోట్ల ఎఱ్ఱసిరాతో చుట్టి, నాలుగవ చోటికి వచ్చుసరికి కలము ఆపితిని. ఆ బాలుడు ధకారము వ్రాయనెరుగనివాడు కాడని నాకు తెలియును. పైగా పుటలు 1, 10, 11, 12 అను వరుసలో వచ్చి, రెండవ పుట ఎక్కడనో పందొమ్మిదింటి తరువాత తేలినది.

ఇది ఎందుచేత జరుగునో తెలిసికొనుట ఆవశ్యకము. తెలిసినచో నివారణము సులభము. పన్నెండు మెగాపిక్సెళ్ళ ఫోను తీసిన ఫొటోలో కోటి ఇరువది లక్షల చుక్కలుండును. ఒక్కొక్క చుక్కకు ఎఱుపు, పచ్చ, నీలముల కొలతలు మూడు బైట్లు కాగా, ఉన్నదున్నట్లు దాచినచో 36 మెగాబైట్లగును. అది మూడు మెగాబైట్లలో ఇముడుట 1992లో స్థిరపడిన జేపెగ్ (జేపీజీ) ప్రమాణము యొక్క ప్రభావము. ఆ ప్రమాణమునకు ప్రాణము వంటి గణితము 1974 జనవరిలో నాలుగే నాలుగు పుటల వ్యాసముగా వెలువడినది. వ్యాసకర్తలు మువ్వురు: బెంగుళూరున జన్మించిన నాసిర్ అహ్మద్, ఆయన శిష్యుడు నటరాజన్, మూడవవారు కామిశెట్టి రామమోహనరావుగారు. మదరాసు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివి, అమెరికా పోయి, టెక్సాస్ విశ్వవిద్యాలయపు ఆర్లింగ్టన్ శాఖలో దీర్ఘకాలము ఆచార్యులుగా నుండి 2021లో గతించిన ఈ రావుగారి ఇంటిపేరు వినగానే తెలుగువాని చెవి నిక్కబొడుచుకొనక మానదు. అహ్మద్‌గారు 1972లో ఈ పరిశోధనకు ధనసహాయమర్థింపగా, ఇది మరీ సరళమైన ఊహ యని ధనమిచ్చు సంస్థవారు త్రోసిపుచ్చిరట. నేడు మనము పంపుకొను ఫొటోలలో అధికభాగము ఆ సరళమైన ఊహ మీదనే నడచుచున్నవి. ఈ మువ్వురి పేర్లును మన పాఠ్యపుస్తకములలో నుండవలెనని నా కోరిక.

ఆ ఊహ యిట్టిది. చిత్రమును ఎనిమిదింటికి ఎనిమిది చుక్కల గళ్ళుగా కోసి, ఒక్కొక్క గడిలోని వెలుగునీడలను, సంగీతజ్ఞుడు ఒక ధ్వనిని స్వరములుగా విడదీసినట్లు, మెల్లగా మారు అంశములుగను వడిగా మారు అంశములుగను విడదీయుదురు. మెల్లగా మారు అంశములను కన్ను బాగుగా పట్టుకొనును. వడిగా మారువానిని అంతగా పట్టించుకొనదు. కనుక ఆ రెండవ తెగను మోటుగా సవరించి, చాలవరకు సున్నలు చేసి, మిగిలినదానిని దాతురు. మనుష్యుని చెంప, నుదురు, వెనుకనున్న గోడ, ఇవి మెల్లగా మారునవి. కావున ముఖము 30 కిలోబైట్లలోనైనను ముఖముగనే యుండును. తెల్లని కాగితముపై నల్లని గీత అట్టిది కాదు. అది అకస్మాత్తుగా మొదలై అకస్మాత్తుగా ముగియును. వడిగా మారు అంశములే దాని సర్వస్వము. వానిని పారవేసినచో గీత అంచులు చెదరి చుట్టును బూడిద లేచును, సన్నని గీత యైనచో మాయమే యగును. ఒకసారి పారవేసినది మరల రాదు. జేపెగ్ ఫైలును తెరచి మార్చి దాచిన ప్రతిసారియు మరికొంత పోవచ్చును. ధకారపు అడుగుగీత పోవుటకు కారణమిది. అయినను ఫొటోకు, సంతకమునకు, చేతివ్రాతకు భేదమెంచక, కిలోబైట్లనెడి ఒక్క మానికతోనే సమస్తమును కొలుచు పద్ధతి మనకు అలవాటైనది.

కావున జవాబుపత్రములను కుదించునప్పుడు నాణ్యతను పాతాళమునకు దింపుట కాక, చుక్కల సంఖ్యను తగ్గించి, రంగును విడిచి, నలుపుతెలుపు ఛాయలను మాత్రము ఉంచుకొనవలెను. ఏ4 కాగితమునకు అంగుళమునకు 150 చుక్కల చొప్పున 1240కి 1754 పిక్సెళ్ళు చాలును. కోటి ఇరువది లక్షలలో ఐదవవంతైనను కాదు. నాణ్యతను నూటికి 75కు తగ్గనీయనిచో, పుట సుమారు 300 కిలోబైట్లకు అటునిటుగా తేలును. 40 పుటలును కలిసి ఒక ఈమెయిలులో పోవును. ఇది ఒక్కొక్క ఫొటోను తెరచి చేయవలసిన పని కాదు. విండోస్ కంప్యూటరున పవర్‌టాయ్స్ అను ఉచిత సాధనములను పెట్టుకొన్నచో, ఫొటోలన్నిటిని ఎన్నుకొని, మౌసు కుడిమీట నొక్కి, కావలసిన కొలత చెప్పిన చాలును. 1996 నుండియు ప్రచారమందున్న ఇర్ఫాన్‌వ్యూ అయినచో కుదించుటయే కాక పేర్లను 001, 002 అని వరుసగా మార్చిపెట్టును. ఈ సున్నలుండినచో పదవ పుట రెండవదానికంటె ముందు దూకదు. ఆజ్ఞలు వ్రాయుటకు జంకనివారికి ఇమేజ్‌మ్యాజిక్ కలదు. వేయి ఫొటోలైనను ఒక్క పంక్తితో తీరును. ఒక్క జాగ్రత్త మాత్రము ప్రాణప్రదము. ఇమేజ్‌మ్యాజిక్‌లోని మోగ్రిఫై అను ఆజ్ఞ, వేరుగా చెప్పనియెడల, అసలు ఫొటోల మీదనే కుదించినవానిని వ్రాసివేయును. నేనెరిగిన విద్యార్థి యొకడు తన ధ్రువపత్రముల స్కానులనన్నిటిని ఇట్లే 20 కిలోబైట్ల పీలికలుగా మార్చుకొని, మరల స్కాను చేయించుటకై కాగితములను ఊరినుండి తెప్పించుకొనవలసి వచ్చెను. అసలువానికొక ఫోల్డరు, కుదించినవానికొక ఫోల్డరు: మొదట ఈ రెండును తెరచిన తరువాతనే పని మొదలిడవలెను. వాట్సాప్‌లో ఫొటోగా పంపినచో అది తన యిష్టము వచ్చినట్లు మరల కుదించును, డాక్యుమెంటుగా పంపవలెను.

ఈ పనిని సొంత యంత్రముమీదనే చేసికొనుమని నేను పిల్లలను ప్రాధేయపడుటకు వేరొక కారణము కలదు. కేబీ తగ్గించు వెబ్‌సైట్లకు ఎక్కించుచున్నది కేవలము ఫొటో కాదు. ఆధార్ కార్డు, పదవతరగతి మెమో, కులధ్రువపత్రము, సంతకము, వ్రేలిముద్ర. ఒక మనిషిని ఆ మనిషిగా లోకమునకు రుజువుచేయు సమస్తమును, ఎవరిదో తెలియని కంప్యూటరునకు, ఒక నిమిషపు సౌకర్యమునకై అప్పగించుట. దుకాణపు కంప్యూటరులోని డౌన్‌లోడ్స్ ఫోల్డరును ఒకసారి తెరచి చూచిన వారికి నా భయము అర్థమగును. అపరిచితుల ముఖములు, సంతకములు అందు వరుసతీరి యుండును.

అయినను భారమంతయు విద్యార్థిమీదనే మోపుట న్యాయము కాదు. 2023వ సంవత్సరపు సివిల్ సర్వీసుల ప్రాథమిక పరీక్షకు దరఖాస్తు చేసినవారు 10,16,850 మంది. వారందరును ఫోనుతో తీసిన ఫొటోను మూడేసి మెగాబైట్లుగా, ఉన్నదున్నట్లు పంపినారనుకొందము. మొత్తము మూడు టెరాబైట్లకు కొంచెము పైచిలుకు. నేడు అరచేతిలో ఇముడు డిస్కు ఒకటి దానిని దాచును. దాచు చోటు కరవై ఈ కొలతలు పెట్టిన దినములు గడచిపోయినవి. చివరితేదీ రాత్రి లక్షలమంది ఒక్కసారిగా మీదపడినప్పుడు సర్వరు తట్టుకొనజాలదందురా, ఆ మాటలో సత్యము కలదు. కాని దరఖాస్తు పుటయే, విద్యార్థి ఫోనులోనే, ఫొటో బయలుదేరకముందే దానిని కావలసిన కొలతకు కుదించుకొనగలదు. నేటి బ్రౌజరులకు ఆ శక్తి చాలకాలముగా కలదు. "పరిమాణము ఎక్కువైనది" అని ఎఱ్ఱయక్షరములతో తిప్పిపంపు యంత్రము, ఆ తిప్పిపంపు వ్యవధిలోనే దానిని తగ్గించుకొని స్వీకరింపగలదు. కొలత తెలిసినది దానికి, సాధనమున్నది దానికి, అడుగుచున్నదియు అదియే. విద్యార్థి ఏల దుకాణమునకు పరుగెత్తవలెను? చేతివ్రాతను, ధ్రువపత్రములను కోరునప్పుడు కిలోబైట్ల పరిమితి కాక, చదువుటకు వీలగు కనీసపు స్పష్టతను నిర్ణయింపవలెనని, పరీక్షలు నడపు సంస్థలన్నిటికిని, మన రెండు రాష్ట్రములవారికిని, నేను విన్నవించుకొనుచున్నాను.

2024 జూలై 27న ఇదే పేటలో నేలమాళిగలోని గ్రంథాలయమున వాననీరు చొచ్చి ముగ్గురు విద్యార్థులు ప్రాణములు కోల్పోయిరి. ఆ వీథిలోనే నిలిచి కేబీలను గూర్చి ఇన్ని మాటలేల యని ఎవరైన అడుగవచ్చును. ఆ దుఃఖముతో దీనిని పోల్చుట నా యుద్దేశము కాదు. కాని ఇంటికి దూరమై, ఇరుకు గదులలో, తండ్రి పంపిన సొమ్ము లెక్కపెట్టుకొనుచు బ్రతుకు పిల్లల దినములలోనుండి, అడుగువారు రెండు పంక్తుల మార్పుతో తీర్పగల పనికై ఒక పూట అపహరింపబడుచున్నచో, అదియు చెప్పవలసిన మాటయే.

ఆ బాలుని మరునాడు పిలిపించితిని. అసలు ఫొటోలు అదృష్టవశమున ఫోనులోనే యున్నవి. నా బల్లముందు కూర్చుండి, రెండు ఫోల్డర్లు తెరచి, రంగు తీసివేసి, 1240 పిక్సెళ్ళకు దించి, పేర్లకు ముందు సున్నలు పెట్టి, 40 పుటలను ఒక్క దెబ్బతో కుదించినాడు. నేను లేచి మంచినీళ్ళు తెచ్చులోపల పని ముగిసినది. 17వ పుటను మరల ప్రింటు తీసితిమి. "చూడండి మాస్టారూ, గీత ఉంది" అని వ్రేలు పెట్టి చూపినాడు. ధకారము క్రింద, కలము కొంచెము ఒత్తి దించిన గీత, స్పష్టముగా నున్నది. పాత ప్రతిపై నేను చుట్టిన ఎఱ్ఱసిరా చుట్లు మూడింటిని కొట్టివేసి, మార్కులు తిరిగి వేసితిని.