ఇంటి బడిలో పంతులమ్మ

మా పక్కింటివారు పదేళ్ల అబ్బాయిని ఈ ఏడు బడి మానిపించారు. "ఇంట్లోనే చదివిస్తున్నామండీ!" అన్నారు వాళ్ల నాన్నగారు గర్వంగా.

మొన్న మా ఇంటికి సున్నాలు వేస్తుంటే రోజంతా వాళ్లింట్లోనే కూర్చున్నాను. పొద్దున్నే దోసె మీద భిన్నాలు: సగం అర, అందులో సగం పావు, అందులో సగం పరక. పదింటికి భూగోళం. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన గోదావరి 1465 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలిసేసరికి కుక్కరు మూడు కూతలు కూసింది. మధ్యాహ్నం తెలుగు వ్యాసం, సాయంత్రం సైన్సు. పిల్లవాడు చక్కగా నేర్చుకుంటున్నాడు, కాదనను. ఇంటి చదువు చెడ్డదనీ అనను.

కానీ ఈ "చదివిస్తున్నాం"లో "మేము" ఎవరండీ? నాన్నగారు ఆరింటికొచ్చి, ఇన్‌స్పెక్టరుగారిలా నాలుగు ప్రశ్నలడిగారు. ఒకటి తప్పింది. "ఏం చెప్తున్నావే వీడికి?" అన్నారు భార్యతో. ఆవిడ ఎమ్మెస్సీ. ఈ బడి కోసమే లెక్చరరు ఉద్యోగం వదులుకుంది. ఎవరైనా అడిగితే మాత్రం, "ఇంట్లో ఖాళీగానే ఉంటుంది" అని జవాబు!

2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య అంది. ఇంటి బడిలో ఉచితం అమ్మ చాకిరీ, నిర్బంధం కూడా అమ్మకే!

ఇంటి బడి పెట్టుకోండి, తప్పులేదు. టైంటేబిల్లో మాత్రం రోజుకో పూట నాన్న పేరు రాయండి. ఆ పూట భిన్నాలు ఆయనే చెప్పాలి. దోసె కూడా ఆయనే వేయాలి.