మానిన గాయము, మానని బాధ

స్త్రీలు తమ తల్లులతో చెప్పుకొనుటకైనను సంకోచించెడి బాధను గూర్చి దినపత్రికలలో చర్చించుట అరుదు. అయినను ఒక వ్యాధి దేశములోని ప్రసవ విధానముతోను, ఆసుపత్రుల ఆదాయముతోను, కార్మిక కుటుంబముల కూలితోను ముడివడి యున్నప్పుడు అది యింటిగుట్టుగా నుండజాలదు, ప్రజావిషయమగును. సిజేరియన్ శస్త్రచికిత్సకు పిమ్మట కడుపు గోడలో, కుట్ల చెంత పుట్టెడి ఎండోమెట్రియోసిస్ అట్టి వ్యాధి.

గర్భాశయపు లోపలి పొర నెలనెల పెరిగి, రాలి, రక్తముతో వెలువడుట ప్రకృతిధర్మము. ఆ పొరను బోలిన కణజాలము గర్భాశయమునకు వెలుపల నాటుకొని పెరుగుటయే ఎండోమెట్రియోసిస్. ప్రసవయోగ్యమైన వయస్సులోని స్త్రీలలో ఇంచుమించు నూటికి పదిమందికి, అనగా ప్రపంచమున సుమారు 19 కోట్లమందికి, ఈ వ్యాధి కలదని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. సాధారణముగా ఇది పొత్తికడుపు లోపల, అండాశయముల చెంత నుండును. కాని సిజేరియన్‌లో గర్భాశయమును కోసి బిడ్డను వెలికి దీయునపుడు ఆ పొర కణములు కొన్ని కోతలో చిక్కుకొని, చర్మము క్రింది కొవ్వులోనో కండరములలోనో వేరూనుట కలదు. ఇది క్రొత్తగా కనుగొన్న సంగతి కాదు. శస్త్రచికిత్స మచ్చలో పుట్టిన యీ వ్యాధిని రాబర్ట్ మేయర్ అను జర్మను వైద్యుడు 1903లోనే వర్ణించెను.

గాయము మానును, బిడ్డ నడక నేర్చును. కొన్ని నెలలకో, కొన్ని యేండ్లకో కుట్టు అంచున చిన్న గడ్డ చేతికి తగులును. ముట్టు దినములలో అది ఉబ్బి సలుపును, పిమ్మట శాంతించును. మరుసటి నెల మరల అదే బాధ. సిజేరియన్ జరిగి యుండుట, మచ్చ చెంత గడ్డ, నెలనెల వచ్చు నొప్పి — ఈ మూడును కలిసినప్పుడు వ్యాధిని అనుమానింప వలసినదే. అయినను దీనిని హెర్నియా యనియు, దారపు ముడి యనియు, చీముగడ్డ యనియు, కొవ్వుగడ్డ యనియు పొరబడుట వైద్యలోకమున పరిపాటి. కొందరికి నొప్పి ఎల్లవేళల నుండుటచేత ఈ పొరపాటు మరింత సులభమగుచున్నది.

ఈ వ్యాధి అరుదైనదని వైద్యులు చెప్పుదురు, అది నిజమే. సిజేరియన్ చేయించుకొన్న స్త్రీలలో నూటికి ఒకరికి మించి ఇది రాదనియే గ్రంథములు చెప్పుచున్నవి. కాని అరుదనుమాటకు అర్థము, శస్త్రచికిత్సల సంఖ్యనుబట్టి మారును. వేయింట ఒక్కరికే వచ్చునని యెంచినను, లక్ష సిజేరియన్లకు నూరుగురు బాధితులు తేలుదురు. ఇక మన రాష్ట్రపు లెక్క చూడుడు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము భారతదేశమున నూటికి 21.5 కాన్పులు సిజేరియన్లు కాగా, తెలంగాణములో 60.7. ఆంధ్రప్రదేశమున 42.4. తెలంగాణములోని ప్రభుత్వ ఆసుపత్రులలో 44.5 కాగా, ప్రైవేటు ఆసుపత్రులలో 81.5! మొత్తము కాన్పుల లెక్కన ఆ సర్వేలో రాష్ట్రములన్నిటికిని అగ్రస్థానము మనదే. ఇది గర్వింపదగిన అగ్రస్థానము కాదు. నూటికి పదికి మించి సిజేరియన్లు పెరిగినంత మాత్రమున తల్లీబిడ్డల మరణములు తగ్గుట కానరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో ప్రకటించినది.

మేము శస్త్రచికిత్సను నిందించుట లేదు. బిడ్డ అడ్డము తిరిగినప్పుడు, మాయ గర్భద్వారమును కప్పినప్పుడు, కాన్పు మధ్యలో నిలిచిపోయినప్పుడు కత్తియే ప్రాణదాత. 2018–20లో తెలంగాణమున లక్ష సజీవ జననములకు 43కు దిగిన మాతృమరణముల సంఖ్య మనము సంతోషింపదగినది. మా ఆక్షేపణమెల్ల అనవసరపు కోతపైననే. ముహూర్తము కొరకు కోత, నొప్పుల భయమున కోత, వైద్యుని తీరిక కొరకు కోత, బిల్లు కొరకు కోత, మొదటిసారి కోసిరి గనుక రెండవసారియు కోత! ఇందులో దోషము ఆసుపత్రులది మాత్రమే కాదు. పంచాంగము చేతబట్టి గడియలు నిర్ణయించుకొని వచ్చు గృహస్థులును పాలివారే.

సంగారెడ్డి జిల్లాలోని పటేల్‌గూడను ఉదాహరణముగా గైకొందము. పటాన్‌చెరు పారిశ్రామికవాడకు చేరువలోని యీ గ్రామమున నిన్నటి పొలములు నేడు ప్లాట్లైనవి, ప్లాట్లు మేడలైనవి. ఒకవంక కంప్యూటరు ఉద్యోగుల కాలనీలు, మరొకవంక పొట్టకూటికై వచ్చినవారి అద్దె గదులు. పొరుగుననే సుల్తాన్‌పూరులో 2017లో ప్రారంభమైన వైద్యపరికరముల పార్కు కలదు. పరికరములు ఇచ్చట తయారై దూరదేశములకు పోవుచుండగా, ఇచ్చటి తల్లి కుట్టు దగ్గరి గడ్డను తడిమి చూచి నాలుగు ప్రశ్నలడుగు తీరిక ఎవరికి కలదు? దీపము క్రింద చీకటి యనుట ఇట్టి స్థలములను గూర్చియే. నెలకు మూడు దినములు పని మానిన కార్మికురాలికి కూలి పోవును. పనికి పోయిన, బరువెత్తి నిలబడ వలయును. "కుట్ల నొప్పి, అందరికి ఉండునదే" యను ఇంటివారి మాటయే ఆమెకు దొరకు మందు.

జాప్యమునకు మూల్యము తక్కువది కాదు. చిన్న గడ్డను అల్ట్రాసౌండు పరీక్షతో గుర్తించి, అవసరమైన సూదితో కణములను తీసి పరీక్షించి, చుట్టును ఆరోగ్యకరమైన కణజాలము కొంత చేర్చి కోసివేసినచో చాలమందికి బాధ తీరును. హార్మోను మాత్రలు నొప్పిని తాత్కాలికముగా అణచునే గాని గడ్డను తొలగింపజాలవు. గడ్డ ఏండ్లతరబడి పెరిగి కండరముల నాక్రమించినచో పెద్దకోత తప్పదు. కడుపు గోడకు వల అతికింప వలసి వచ్చుటయు కలదు. ఎడనెడ మరల పుట్టుటయు, బహు అరుదుగా క్యాన్సరుగా మారుటయు వైద్యులెరిగినదే.

కర్తవ్యమేమి? మొదటిది, కోసినవారు కుట్లు విప్పిన దినముతోనే తమ బాధ్యత తీరినదని తలంపరాదు. సిజేరియన్ చేయించుకొన్న ప్రతి తల్లికిని ఇంటికి పంపునప్పుడే, మచ్చ చెంత గడ్డగాని నెలనెల నొప్పిగాని కనిపించినచో రావలెనని తెలుగులో వ్రాసిన చీటి నీయవలయును. రెండవది, పటాన్‌చెరు ప్రభుత్వాసుపత్రియందును, రామచంద్రాపురము ఇ.ఎస్.ఐ. ఆసుపత్రియందును మచ్చ నొప్పితో వచ్చు ప్రతి స్త్రీని "కాన్పు ఎట్లు జరిగినది? ముట్టులో నొప్పి హెచ్చునా?" యని అడుగుట నియమము కావలయును. ఈ రెండు ప్రశ్నలకు పైకము అక్కరలేదు. మూడవది, గర్భిణులను పది వర్గములుగా విభజించి, ఏ వర్గమున ఎందరికి కోత జరిగెనో తెలుపు రాబ్సన్ పద్ధతిని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో సిఫారసు చేసినది. ప్రతి ఆసుపత్రియు ఆ లెక్కను ఏటేట ప్రకటించునట్లు ప్రభుత్వము శాసింపవలయును. లెక్క వెలుగులోనికి వచ్చిన, అనవసరపు కత్తి దానంతట అదే జంకును. నాలుగవది, 2017లో కరీంనగరమున ప్రభుత్వము ఫెర్నాండెజ్ సంస్థ తోడ్పాటుతో ఆరంభించిన మంత్రసాని శిక్షణము సంగారెడ్డి జిల్లాలోని ప్రతి ప్రసూతిశాలకును ఫలితము నందించు నంతవరకు విస్తరింపవలయును.

పాఠక మహాశయులలో భూములమ్మి మేడలు కట్టినవారు కలరు; వాని గదులను కార్మిక కుటుంబముల కద్దె కిచ్చినవారు కలరు; ఆసుపత్రులకు భవనము లిచ్చినవారును కలరు. మీ కోడలి కాన్పుకు ముహూర్తము పెట్టించుటకు పూర్వము, ఆ కోత ఎందులకని వైద్యుని ఒక్కమాట అడుగుడు. మీ యింటనో, మీ అద్దె గదిలోనో ఏ స్త్రీయైనను కుట్టు చోట నొప్పి యనినచో, "ఓర్చుకొమ్ము" అనక ఆసుపత్రికి పంపుడు. ప్రభుత్వపు ఉత్తర్వు వచ్చునంతవరకు ఆగనక్కరలేని పని యిది.